కొసరు పిచ్చుక

నిరుడు జూన్‌లో ఒక మధ్యాహ్నం. మూడు గోంగూర కట్టలు ముందేసుకుని, హాల్లో ఫ్యాను కింద కూర్చుని ఆకు తుంచుతున్నాను. మా పాప గదిలోంచి వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. ఒక కట్ట తన వైపు లాక్కుంది. రెండు రెమ్మలు తుంచి, తల ఎత్తకుండానే చెప్పింది.

"318 అమ్మా."

నీట్ పరీక్ష 720 మార్కులకి. ఇంట్లో ఆ పరీక్ష రాసే పిల్లలున్న తల్లులకి 318 అంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటిసారి రాసినప్పుడు 241 వచ్చాయి. సరే, ఇంకో ఏడాది చూద్దామని లాంగ్ టర్మ్‌లో చేర్పించాం. ఏడాదంతా హాస్టల్లో ఉంది. పొద్దున అయిదింటికి లేవడం, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు. పండక్కి ఇంటికొచ్చినా చేతిలో బయాలజీ పుస్తకమే. అంత చేస్తే 318.

"పోనీలే తల్లీ" అన్నాను. అన్నానే గానీ ఆ మాట నా చెవులకే అబద్ధంలా వినపడింది. పిల్లలకి మన గొంతు తెలియదా? అది నా మొహంలోకి చూసి అడిగింది.

"అన్నయ్యకి సీటొచ్చినప్పుడు చర్చిలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పావు కదమ్మా. దేవుడు మా ఇంటిని గుర్తుపెట్టుకున్నాడు అన్నావు. మరి ఇప్పుడు నన్ను మర్చిపోయినట్టా?"

నా దగ్గర జవాబు లేదు. గోంగూర తుంచుతూనే ఉన్నాను. ఆ రోజు పచ్చడిలో ఉప్పు రెండుసార్లు వేశానని మావారు అన్నం దగ్గర చెప్తే గానీ తెలియలేదు.

*

అది అడిగింది నిజమే. నాలుగేళ్ళ కిందట మా వాడికి మంచి ఇంజినీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. ఆ ఆదివారం పట్టుచీర కట్టుకుని, కవర్లో స్తుతి కానుక పెట్టుకుని వెళ్ళాను. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ముందుకి రావచ్చని అయ్యగారు అనగానే అందరికంటే ముందు లేచింది నేనే. ర్యాంకు చెప్పాను, కాలేజీ పేరు చెప్పాను, నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశానని కూడా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. దిగి వస్తుంటే ఇద్దరు ముగ్గురు నా చెయ్యి పట్టుకుని "నీ ప్రార్థనే అమ్మా" అన్నారు. ఎంత బాగుందో ఆ మాట! ఇంటికొచ్చి వంట చేస్తూ కూడా దాన్నే తలుచుకున్నాను.

అప్పుడు మా పాపకి పదిహేనేళ్ళు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని అంతా విన్నది. దేవుడు గుర్తుపెట్టుకుంటే సీటు వస్తుంది అని నేర్చుకుంది. రాకపోతే ఏమిటో నేను చెప్పలేదు గానీ, అది దానంతటదే లెక్క కట్టుకుంది. మాథ్స్ రాదని బైపీసీ తీసుకుంది గానీ ఈ లెక్క మాత్రం బాగానే చేసింది!

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. శనివారం సాయంత్రం యూత్ మీటింగ్‌కి వెళ్ళడం మానేసింది. "అక్కడ అందరూ ఏం చేస్తున్నావని అడుగుతారు" అంది. ఆదివారం తలనొప్పి. మధ్యాహ్నాలు తలుపేసుకుని పడుకునేది. బంధువులు ఫోన్ చేస్తే నేనే బాల్కనీలోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. గొంతు తగ్గించాననే సంగతి కూడా అది గమనించిందని తర్వాత తెలిసింది.

ఒక రాత్రి మంచినీళ్ళ సీసా ఇవ్వడానికి వెళ్తే చీకట్లో కూర్చుని ఉంది. "నా మీద మీరు పెట్టిన డబ్బులన్నీ వేస్ట్. అసలు నేనే వేస్ట్. ఉండి ఏం లాభం అమ్మా?" అంది. ఏడవలేదు. అలా ఏడవకుండా అనడమే నన్ను భయపెట్టింది.

ఆ రాత్రి నుంచి నెల రోజులు దాని పక్కనే పడుకున్నాను. మర్నాడే మావారితో మాట్లాడి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాం. మా బంధువుల్లో ఒకావిడ "ప్రార్థన చేస్తే పోయేదానికి డాక్టరెందుకు" అంది. జ్వరం వస్తే మాత్ర వేసుకుని కూడా ప్రార్థన చేసుకుంటాం కదా, ఇదీ అంతే అన్నాను. ఇది చదివే తల్లులకి ఒక్క మాట. పిల్లలు "ఉండి ఏం లాభం" అంటే దాన్ని కోపంలో అన్న మాటగా తీసుకుని వదిలెయ్యకండి. టెలి మానస్ అని ప్రభుత్వం వాళ్ళ ఉచిత ఫోన్ నంబరు ఉంది, 14416. ఏ వేళనైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి. మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంది.

*

దాని పక్కన పడుకున్న రాత్రుల్లో, నిద్ర పట్టక, నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మానాన్నలకి మేం ముగ్గురం ఆడపిల్లలం. నేను మూడోదాన్ని. మూడోసారైనా మగపిల్లాడు పుడతాడని ఎదురుచూశారట. నేను పుట్టానని తెలిశాక మా పెద్దమ్మ ఒకావిడ, "ఇద్దరు అసలు, ఇది కొసరు" అందట. ఆ పేరు నాకు అలాగే ఉండిపోయింది. పెళ్ళిళ్ళలో, పండగల్లో కనపడితే "ఏమే కొసరూ" అని పిలిచేది. పాపం ఆవిడ ముద్దుగానే పిలిచేది. నాకు మాత్రం గుచ్చుకునేది. పెద్దక్క నర్సింగ్ చదివింది, చిన్నక్క టీచర్ ట్రైనింగ్ చేసింది. నా దాకా వచ్చేసరికి నాన్న దగ్గర డబ్బు అయిపోయింది. ఫీజు తక్కువని బీఏ తెలుగులో చేరాను. చదివింది ఇష్టంగానే చదివాను గానీ, చేరింది మాత్రం కొసరుగానే.

కొసరంటే ఈ కాలం పిల్లలకి తెలుసో లేదో. సూపర్ మార్కెట్లో కొసరు ఉండదు. రైతు బజారులో ఇంకా ఉంది. కూరగాయలన్నీ తూకం వేయించుకుని, డబ్బులిచ్చేముందు "రెండు కరివేపాకు రెబ్బలు వెయ్యవయ్యా" అంటామే, అదీ కొసరు. దానికి తూకం లేదు, ధర లేదు. వెయ్యకపోయినా గట్టిగా అడగలేం. వేశాడు కదా అని పెద్దగా పట్టించుకోం కూడా.

మా నాయనమ్మ ఆకుకూరలు అమ్మేది. పెరట్లో పండించిన తోటకూర, గోంగూర, బచ్చలి గంపకెత్తుకుని పొద్దున్నే వీధుల్లో తిరిగేది. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. బైబిలు ఒక్కటే చదివేది. ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి, పైకి కూడబలుక్కుంటూ చదివేది. పేజీ తిప్పడానికి అరగంట.

నాకు పదకొండేళ్ళప్పుడు, పెద్దమ్మ ఏదో పెళ్ళిలో అందరి ముందూ "కొసరు" అంటే నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని బైబిలు తెచ్చింది. మత్తయి సువార్త పదో అధ్యాయం తీసి పిచ్చుకల సంగతి నా చేత చదివించింది. ఒక కాసుకి రెండు పిచ్చుకలు. తర్వాత లూకా సువార్త పన్నెండో అధ్యాయం తీసి మళ్ళీ చదవమంది. రెండు కాసులకి అయిదు పిచ్చుకలు.

"కాసుకి రెండైతే రెండు కాసులకి ఎన్ని రావాలే?" అని అడిగింది.

"నాలుగు" అన్నాను.

"మరి అయిదు రాసుందే?"

నాకు తెలియలేదు. అచ్చు తప్పేమో అన్నాను. నాయనమ్మ బోసినోటితో నవ్వింది. "అచ్చు తప్పు కాదే పిచ్చిదానా. రెండు కాసుల బేరం అంటే ఒకటి కొసరు వేశాడు అమ్మేవాడు. ఆ అయిదోదానికి ధర లేదు. నువ్వు ఇంకోసారి చదువు, దేవుడు ఏ పిచ్చుకని మర్చిపోలేదన్నాడో."

చదివాను. వాటిలో ఒక్కదాన్ని కూడా దేవుడు మరవడన్నట్టుగా ఉంది. ఒక్కదాన్ని కూడా అంటే ఆ కొసరుదాన్ని కూడా.

"చదువుకున్నవాళ్ళు చదివితే అది కనపడదే. గంప ఎత్తినదాన్ని గనక నాకు కనపడింది" అంది నాయనమ్మ.

ఆ తర్వాత నేను బీఏ చదివాను, ఎందరి ప్రసంగాలో విన్నాను. ఆ కాసు రోమా వాళ్ళ చిన్న రాగి నాణెమనీ, ఒక రోజు కూలి అయిన దేనారంలో పదహారో వంతనీ తెలుసుకున్నాను. తినడానికి మాంసం కొనుక్కోలేని బీదవాళ్ళు కొనుక్కునేవి పిచ్చుకలు. బజారులో అన్నిటికంటే చవక సరుకు. అందులోనూ ఊరికే విసిరిన అయిదోది. ఎంత చదివినా నాయనమ్మ చెప్పినదాని పక్కన ఇవన్నీ చిల్లర వివరాలే.

*

ఒక రాత్రి మా పాపకి ఈ సంగతంతా చెప్పాను. విన్నది. చివరికి "నువ్వు కొసరువి అయినా పెళ్ళి చేసుకుని సెటిల్ అయ్యావుగా" అంది.

నవ్వొచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. సెటిల్ అవడమంటే ఏమిటో దానికి అప్పుడు చెప్పాను, ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది. ఇరవై నాలుగేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మీరేం చేస్తుంటారండీ?" ఏం లేదండీ, ఇంట్లోనే అంటాను. "ఓ, ఖాళీగానే ఉంటారా" అంటారు. ఇది చదివే మీలో చాలామంది ఆ మాట విన్నవాళ్ళే. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా నిలబడే ఉన్న మనిషిని ఖాళీ అనడానికి వాళ్ళకి నోరెలా వస్తుందో గానీ, ఆ మాట పడీ పడీ మనమే నమ్మేస్తాం. నేనూ నమ్మాను. అందుకే మా వాడికి సీటొచ్చిన రోజు అంత పొంగిపోయాను. ఇంతకాలం ఏం చేశావని అడిగేవాళ్ళందరికీ, ఇదిగో ఇది చేశాను అని చూపించడానికి నాకు ఒకటి దొరికింది.

అలా చెప్తూ చెప్తూ ఉండగా ఆదికాండంలో లేయా గుర్తొచ్చింది. యాకోబుకి ఇష్టం లేకుండా అంటగట్టిన పెద్దకూతురు లేయా. భర్త మనసంతా చెల్లెలి మీదే. కొడుకు పుట్టగానే, ఇప్పుడైనా నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడని ఆశపడుతుంది. రూబేను, షిమ్యోను, లేవి. ముగ్గురు కొడుకుల పేర్లలోనూ ఆ ఆశే, ఆ బాధే. ఒక్కొక్క పిల్లాడినీ ఎత్తుకుని, ఇప్పుడైనా నన్ను చూడండి అన్నట్టు. నాలుగోవాడు పుట్టినప్పుడు మాత్రం ఆవిడ భర్త ఊసెత్తదు. ఈసారి దేవుణ్ణి స్తుతిస్తానంటుంది, వాడికి యూదా అని పేరు పెడుతుంది. యేసు ప్రభువు పుట్టింది ఆ యూదా వంశంలోనే.

నేను మా వాడి ర్యాంకు పట్టుకుని మైకు దగ్గర నిలబడిన రోజు లేయా మొదటి ముగ్గురు కొడుకుల దగ్గరే ఉన్నాను. నోటితో అన్నది స్తోత్రం, లోపల ఉన్నది నన్ను చూడండి అనే. నా విలువకి పిల్లల మార్కులు తూకం రాళ్ళుగా పెట్టుకున్నాను. ఆ రాయి మోయలేక మా చిన్నది కింద పడింది.

"అప్పుడు నేను చెప్పిన సాక్ష్యం తప్పు నాన్నా. అన్నయ్యకి సీటు రావడం సంతోషమే. కానీ దేవుడు గుర్తుపెట్టుకున్నాడనడానికి గుర్తు అది కాదు. నిన్ను తప్పుదారి పట్టించాను" అన్నాను.

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చీకట్లో నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. ఆ రాత్రి అంతే.

*

తర్వాత కొన్నాళ్ళకి అదే అడిగింది. "సరే, నేను కొసరు పిచ్చుకనే అనుకో. దేవుడు మర్చిపోలేదనే అనుకో. కానీ నన్ను ఎందుకు పుట్టించాడో తెలియాలి కదా? యూత్ మీటింగ్‌లో అందరూ దేవునికి నీ పట్ల ఒక ఉద్దేశం ఉంది అంటారు. నాది ఏంటో నాకు కనపడట్లేదు."

పంతొమ్మిదేళ్ళ పిల్ల అడగాల్సిన ప్రశ్నే. నేను నా చేతనైనంతలో చెప్పాను. యేసు ప్రభువు యొర్దాను నదిలో బాప్తిస్మం తీసుకుని ఒడ్డుకి రాగానే, ఈయన నా ప్రియమైన కుమారుడు, ఈయన వల్ల నాకు సంతోషం అని ఆకాశం నుంచి తండ్రి మాట వినపడింది. అప్పటికి ఆయన ఏం చేశాడు? ఒక్క గుడ్డివాడికీ చూపివ్వలేదు. ఒక్క ప్రసంగమూ చెయ్యలేదు. దాదాపు ముప్ఫై ఏళ్ళ వయసు, నజరేతులో వడ్రంగి పని. పని మొదలుపెట్టకముందే ఆ మాట వచ్చింది. ముందు ప్రియమైనవాడు, తర్వాత పని. మనం దాన్ని తిరగేసుకున్నాం. ముందు ఏదైనా సాధించు, తర్వాత ప్రేమిస్తాం అంటున్నాం పిల్లలతో. నోటితో అనకపోయినా మొహంతో అంటున్నాం.

"అంటే ఏమీ చెయ్యకపోయినా పర్లేదా?" అంది.

"చెయ్యాలి. కానీ విలువ సంపాదించుకోవడానికి కాదు. ఉన్నదని తెలిసి చెయ్యాలి. అలిగినవాళ్ళు చేసే వంటకీ, ఆకలేసినవాళ్ళకి ప్రేమగా చేసే వంటకీ తేడా నీకు తెలియదా?" అన్నాను. నాకు వంట పోలికలే వస్తాయి, ఏం చెయ్యను!

ఆ సందర్భంలోనే దానికి మా వాళ్ళ పాత కథ ఒకటి చెప్పాను. మాది ఒంగోలు వైపు. మా నాయనమ్మ వాళ్ళ తాతలు ఊరి చివర మాలమాదిగ పల్లెల్లో ఉన్నవాళ్ళు. బావిలో నీళ్ళు తోడుకోనివ్వరు, బళ్ళో కూర్చోనివ్వరు. పేర్లు కూడా మంచివి పెట్టుకోనివ్వరు, పెట్టినా సగం విరిచి తిట్టులా పిలిచేవారు. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువొచ్చింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు పని జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది దొర కాదు, తెలుగు బోధకులే ఏట్లో నిలబడి వంతులవారీగా ఇచ్చారు.

మేం చిన్నప్పుడు ఆ సంఖ్య విని అబ్బో అనుకునేవాళ్ళం. నాయనమ్మ సంఖ్య ఊసే ఎత్తేది కాదు. "అన్ని వేలమందిలో ఎవరినీ గుంపుగా ముంచలేదే. మనిషి మనిషినీ పేరు పెట్టి పిలిచి ముంచారంట" అనేది. ఊళ్ళో ఎవరి లెక్కలోనూ లేని మనుషులు. వాళ్ళని పేరు పెట్టి, మర్యాదగా, చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దింపారు. వాళ్ళకి ఆ రోజు వచ్చింది ఉద్యోగమూ కాదు, పొలమూ కాదు. నేను మనిషిని, దేవుడికి నా పేరు తెలుసు అన్న ధైర్యం. బళ్ళూ, చదువులూ ఆ వెనక వచ్చాయి. ఆకుకూరలమ్మే మా నాయనమ్మ వేలు పెట్టి బైబిలు చదవగలిగిందంటే దాని మొదలు అక్కడే.

బీఏలో గుర్రం జాషువా గారి 'గబ్బిలం' పాఠంగా ఉన్నప్పుడు నాకు ఇదంతా గుర్తొచ్చి క్లాసులో కళ్ళు తడిశాయి. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనం అవమానాలన్నీ పడిన మనిషి. హంసో, మేఘమో కాకుండా, అందరూ అపశకునం అనుకునే గబ్బిలం చేత దేవుడికి కబురు పంపాడు. పనికిరానిదని లోకం తోసేసినదాన్నే పనికి ఏరుకున్నాడు. ఆయన రాసిన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

"మీ ముత్తవ్వ తాతలకి ఎవరూ ఇవ్వని విలువ అది. ఎవరూ ఇవ్వలేదు గనకే ఎవరూ తీసుకుపోలేకపోయారు. నీట్ వాళ్ళు నీకు ఇచ్చిందా అది, తీసుకుపోవడానికి?" అని అడిగాను.

పాప నవ్వింది. రెండు నెలల తర్వాత మొదటిసారి.

*

ఇంక నా సంగతి ఒకటి మిగిలింది. తప్పు మైకులో చేశాను గనక మైకులోనే దిద్దుకోవాలనిపించింది. కానీ పిల్లని అడగకుండా ఇక ఏదీ చెయ్యదలుచుకోలేదు. అడిగితే "నా మార్కులు చెప్పొద్దు. నీ గురించి చెప్పుకో" అంది. న్యాయమైన షరతు. అందుకే చర్చిలో కాకుండా, మా స్త్రీల సమాజం కూటంలో లేచి నిలబడ్డాను. కాళ్ళు వణికాయి. నాలుగేళ్ళ కిందట మా అబ్బాయి సీటు గురించి చెప్పిన సాక్ష్యంలో సగమే నిజమని, దేవుడి కంటే ఎక్కువగా నన్ను నేనే చూపించుకున్నానని, దానివల్ల నా బిడ్డే నొచ్చుకుందని చెప్పాను. ఈసారి ఏమీ సాధించకుండానే స్తుతి కానుక తెచ్చానని చెప్పి కవరు పెట్టాను. మా పాప పుట్టినందుకు.

స్తోత్రాలు పెద్దగా వినపడలేదు. కొంచెం ఇబ్బందిగా నిశ్శబ్దంగా ఉంది. తప్పు చేశానా అనుకున్నాను. కూటం అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఒకావిడ వెనకాలే వచ్చి, వాళ్ళబ్బాయి బీటెక్ మధ్యలో మానేసి ఇంట్లోనే ఉన్నాడని, రెండేళ్ళుగా చర్చిలో ఎవరికీ చెప్పలేదని అంది. ఇంకొకావిడ గేటు దాకా వచ్చింది. పెళ్ళయి ఏడేళ్ళయినా పిల్లల్లేరు, సాక్ష్యాల టైముకి బాత్రూమ్‌కని లేచి బయటికి వెళ్ళిపోతానంది. మా సంఘంలో ఇన్ని నోళ్ళు మూసుకుని ఉన్నాయని నాకు ఆ రోజు దాకా తెలియదు. నాలాంటివాళ్ళు మైకు పట్టుకోవడం వల్లే మూసుకున్నాయేమో.

ఇప్పుడు ఎవరికైనా పిల్లల రిజల్టు వచ్చిందని తెలిస్తే నేను మార్కులడగను. "ఎలా ఉన్నావమ్మా, తిన్నావా" అని అడుగుతున్నాను. మా వాడు కూడా ఒకసారి ఫోన్లో, "అమ్మా, ఈ మధ్య నా ఉద్యోగం గురించి అడగట్లేదేంటి, నా గొంతు ఎలా ఉందో అడుగుతున్నావ్" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "బాగుంది" అన్నాడు. గెలిచిన పిల్లలు కూడా ఆ రాయి మోస్తూనే ఉంటారని నాకు అప్పుడు తట్టింది.

మా పాప మా ఊళ్ళోనే బీఎస్సీలో చేరింది. అదే దేవుడి పిలుపా అంటే నేను చెప్పలేను, అదీ చెప్పలేదు. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు పాత స్నేహితురాళ్ళ తెల్లకోటు ఫోటోలు చూసి మౌనంగా అయిపోతుంది. అలాంటి రోజుల్లో నేను ఉపన్యాసాలివ్వను. పక్కన కూర్చుని పచ్చిబఠాణీలు వొలుస్తాను. ఉద్దేశం అంటే ఒకేసారి మొత్తం చూపించే మ్యాపు అని నేను అనుకోవడం లేదు. చేతిలో దీపం ఉంటే ముందున్న రెండడుగులే కనపడతాయి, ఆ రెండూ వేస్తే ఇంకో రెండు.

మొన్న జనవరి నుంచి సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసుకి సాయం వెళ్తోంది. పోయిన ఆదివారం నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. హాజరు పిలుస్తోంది. ఒక్కో పిల్లా చెయ్యెత్తి అరుస్తున్నారు. పిలవడం అయిపోయింది. చివర ఒక బుడ్డోడు, మూడేళ్ళుంటాయేమో, అక్కతో పాటు ఊరికే వచ్చి కూర్చున్నాడు. రిజిస్టర్లో వాడి పేరు లేదు. అందరి పేర్లూ పిలిచి వాడిది పిలవలేదని మూతి ముడుచుకున్నాడు. వాళ్ళక్క, "వీడు లెక్కలో లేడు టీచర్, ఊరికే వచ్చాడు" అంది.

మా పాప పెన్ను తీసి వాడిని పేరడిగింది. పేజీ కింద ఖాళీలో రాసుకుంది. మళ్ళీ పైకి, గట్టిగా పిలిచింది.

వాడు రెండు చేతులూ ఎత్తాడు.